పద్నాలుగో ప్రయత్నం

ఓర్తా రేవులో ఒకప్పుడు
సముద్రం అడుగున పాకిన తీగలు ఒడ్డెక్కేవి.
ఇంగ్లీషు కంపెనీది ఒక కిటికీ, జర్మన్లది ఇంకొకటి,
అమెరికావాళ్ళది గోడ అవతల.
మా ముత్తాత వాటి మధ్య కాగితాలు మోసిన కుర్రాడు.
ఎవరి మాటో, ఎవరికో.
చదవకూడదు, తడపకూడదు.
అంతే ఉద్యోగం.

నాదీ దాదాపు అదే.
చేపల గోదాం మేడమీద ఒక సర్వరు,
ఉప్పుగాలికి మరలు తుప్పెక్కిన పెట్టె.
పడవలవాళ్ళ వాదనలన్నీ అందులోనే కాపురం.
దానికిప్పుడు బయటి భాష నేర్పుతున్నాను,
ఒక్క యజమాని అంటూ లేని
వేల చిన్న ఇళ్ళ భాష.

తేలికే అనుకున్నాను.
మా దగ్గర ప్రతి చర్చకీ తలకట్టు ఉంటుంది.
అవతలినుంచి వచ్చేవి తల లేని మాటలు,
వాటికి ఏ టోపీ పెట్టాలో తెలీక
ఒక వారం పోయింది.
ఎవరి గడియారమో నాలుగు నిమిషాలు వెనకబడితే
సంతకం చెల్లదు పొమ్మంటుంది నా తలుపు.
"నీ తలుపుకి పట్టింపు ఎక్కువ డేలియా,
కాస్త వదులు చెయ్యి" అని
కీల్ నుంచి వీబ్కె తిట్టింది.
చేశాను. ఐదు నిమిషాలు.

ఇక, అవతలి ఇల్లు పలక్కపోతే?
నిమిషం ఆగి మళ్ళీ తట్టు.
ఆపైన రెండు, నాలుగు, ఎనిమిది.
విసుక్కునేకొద్దీ ఎక్కువసేపు ఆగమని
యంత్రానికి చెప్పాను.
మనుషులకెవరూ అలా చెప్పరు.

ఆ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి
ఎర్మీనియు ఒక వాక్యం రాశాడు.
అరవై ఏడులో పందెం గెలిచిన తిమింగలాల పడవ
నీలం కాదు, ఆకుపచ్చ.
ఫ్లోరెస్ దీవిలో ఉన్న అమాన్సియుకి జవాబు.
మూడేళ్ళుగా ఇదే గొడవ, ఇద్దరూ ఆ పడవలో తెడ్డేసినవాళ్ళే.
అప్పటికే ఫ్లోరెస్‌లో తుఫాను,
బడి వెనకగదిలో వాళ్ళ సర్వరు చీకట్లో.

తట్టింది. తట్టింది.
పదమూడోసారి శుక్రవారం తెల్లారి ఆరింటికి. ఊహూఁ.
మర్నాడు ఎర్మీనియు పోయాడు,
కుర్చీలో, ఒక కాలికి మాత్రం మేజోడు తొడుక్కుని.

వరసలో ఆ వాక్యం ఇంకా ఉంది.
పక్కనే రద్దు మీట. నేనే పెట్టాను,
ఇలాంటి రోజు ఉంటుందని అనుకోకుండా.
తదుపరి ప్రయత్నం: బుధవారం, రాత్రి పదిన్నర.

ముత్తాతని అడగలేను.
లియొంటీనాకి ఫోన్ చేశాను, వాళ్ళమ్మాయి,
సంతాపానికొచ్చిన పాత్రలు తోముతోంది.
"నాన్న ఏమన్నాడు?"
"ఆకుపచ్చ."
నీళ్ళ చప్పుడు ఆగింది.
"నాతో ఎప్పుడూ నీలమనే చెప్పేవాడు, దొంగ.
పంపించెయ్."

పంపేదేముంది. ఆపకుండా కూర్చున్నాను.

పదిన్నర.
అందింది, అని మూడంకెల సంఖ్య ఒకటి.
చదివారో లేదో ఆ సంఖ్యకి తెలీదు,
రాసినవాడు ఉన్నాడో లేడో
అసలే తెలీదు.

నలభై నిమిషాలకి ఎదురు వచ్చింది:
"నీలమే, మొండి ముసలాడా. నీలమే."

కబురు తెలిసి రాశాడా, తెలీకనా,
ఎంత చూసినా ఆ అక్షరాల్లో దొరకలేదు.
సంతకం సరిపోయింది. గడియారం సరిగ్గానే ఉంది.
నా తలుపు మారుమాట్లాడకుండా లోపలికి పంపింది,
ఎర్మీనియు పెట్టెలోకి,
చదవనివి: ఒకటి.

కింద గోదాంలో మంచు పగలగొడుతున్నారు.
పొద్దున్నే అమాన్సియుకి ఫోన్ చెయ్యాలి,
లైన్లు బాగుపడి ఉంటే.
ఈలోగా ఆ టోపీల సంగతి చూడాలి,
తల లేని మాటలు ఇంకో పదకొండు
గుమ్మంలో నిలబడి ఉన్నాయి.